అమ్మ నవలకు పెన్సిల్ దిద్దుబాట్లు

డార్మ్‌స్టాట్,
అక్టోబరు 6.

ప్రియమైన అమ్మకు,

వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని చదివాక మనసు నెమ్మదించింది.

ఇల్లు మారానని చెప్పాను కదా. మారినట్టు ఇక్కడి మునిసిపల్ ఆఫీసులో నమోదు చేయించుకోవడానికి మూడు వారాలకి గాని టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకలేదు. మొన్న ఆ పనీ అయిపోయింది. హీటర్ బాగానే పనిచేస్తోంది, బెంగపడకు. నువ్వు పంపిన కందిపొడి సగం జెనిఫర్ పట్టుకుపోయింది. నాతోపాటు పనిచేసే తణుకు అమ్మాయి.

నీ నవల టైపు చేయడం పూర్తయింది. రెండొందల పది పేజీలొచ్చింది. బందరులో ఒలందావాళ్లు, అదే డచ్చివాళ్లు, బట్టలు కొనే రోజుల్లో ఆ పెళ్లిళ్ల వెంకటరమణమ్మ చేసే ఘనకార్యాలకి టైపు చేస్తూ ఎన్నిసార్లు ఆగి నవ్వానో! నత్తి పెళ్లికొడుక్కి నోరు విప్పే సందివ్వకుండా పెళ్లిచూపుల్లో బూరె మీద బూరె వడ్డించే చోటు మరీనూ.

నేను తిరిగి పంపిన జిరాక్సుల అంచుల్లో పెన్సిల్ రాతలు ఎవరివని కోపంగా అడిగావు. అవి ఎలియాస్ గారివి, జెనిఫర్ వాళ్ల నాన్న. తణుకులో ముప్పై ఏళ్లు ప్రెస్సు నడిపారు. భార్య పోయి ఆరేళ్లయింది. కూతురి పురుటికని వచ్చి ఏం తోచక ఉంటే, నిన్నడక్కుండానే నీ కాగితాలిచ్చాను. తప్పే. ఫ్రాంక్‌ఫర్ట్ ప్రార్థనకి వెళ్తూ ఆయన రైల్లో చదువుతూ పెద్దగా నవ్వేసరికి, ఎదుటి సీటు జర్మన్ ఆవిడ లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయింది.

“ఇది రాసిందెవరమ్మా?” అన్నారు.

“మా అమ్మండి. తెలుగు టీచరుగా చేసింది.”

“నాన్నగారో?”

“పోయి పదకొండేళ్లయిందండి.”

ఆయన పెన్సిల్ తీసుకుని మళ్లీ చదవసాగారు. చివరి పేజీ అంచున, ‘ఇందరికి ముడిపెట్టిన మనిషి, తనని అడిగిన మంచి మనిషిని కాదని ఒంటరిగా ఇంటికెళ్లి తలుపేసుకుంది. కారణం కథలో లేదు’ అని రాశారు. నీకు ఒళ్లు మండింది ఆ మాటకేగా.

కారణం నాకు తెలుసమ్మా. ఫోన్లో చెప్పాలని రెండు ఆదివారాలు చూశాను, నోరు రాలేదు.

తొమ్మిదేళ్ల కిందట జయసాగర్ మావయ్య నీకో సంబంధం తెచ్చాడు. భీమవరం లెక్చరరు. నువ్వు అవునూ అనలేదు, కాదూ అనలేదు. నా మొహంలోకి చూశావు. “ఈ వయసులో పెళ్లేంటమ్మా? నేను నలుగురిలో తలెత్తుకోవద్దా?” అన్నాను. నువ్వు కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయావు. మళ్లీ మావయ్యని ఆ ఊసెత్తనివ్వలేదు. అప్పటికి నీకు నలభై తొమ్మిదే. ఆ చివరి పేజీ టైపు చేస్తుంటే నా మాట నాకే వినిపించింది. తప్పు చేశాను. క్షమించు.

ఎలియాస్ గారు ఈ నెల ఇరవై ఎనిమిదిన తణుకు వెళ్లిపోతున్నారు. మొన్న నాతో, “మీ అమ్మగారిని ఒకసారి కలవాలనుందమ్మా. నవల గురించేనని అబద్ధం చెప్పను. రావచ్చో లేదో ఆవిణ్ణే అడుగు” అన్నారు. అందుకే అడుగుతున్నాను. జెనిఫర్‌కీ చెప్పారు. ఆ పిల్ల కాసేపు ఏడ్చి, తర్వాత నీ ఫోటో చూపించమంది.

ఆయన గురించి నాకు తెలిసింది ఇదీ: వయసు అరవై రెండు. గట్టిగా మాట్లాడతారు. అచ్చుతప్పు కనిపిస్తే మనుషుల్ని కసురుతారు. షుగరుంది, అయినా స్వీట్లు మానరు. వంట బాగా చేస్తారు. తప్పనిపిస్తే వెంటనే ఒప్పుకుంటారు.

వద్దంటే వద్దని ఒక్క ముక్క రాయి, నేను చెప్పేస్తాను. ఆయనేం అనుకోరు. రమ్మంటే మన నరసాపురం ఇంటి అడ్రసు ఇస్తాను. ఉత్తరం ఆలస్యమవుతుందనుకుంటే ఫోను చెయ్యి. ఏం చెప్పినా, ఈసారి నా మొహం చూడకుండా చెప్పమ్మా.

ఇట్లు,
నీ జవాబు ఏదైనా నీ పక్కనే ఉండే
కూతురు,
ఎవాంజలిన్