బస్టాపు బోర్డులో ఎడమ సగాన ఉన్న ముఖం గురించి

నగరంలో బోర్డులకు అనుమతులిచ్చు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పెద్ద బస్టాపు మీద ఉన్న బ్యూటీపార్లరు బోర్డు అనుమతి రద్దు చేయుట, సదరు బోర్డు యజమానురాలైన నా తోడికోడలికి తగిన శాస్తి చేయుట గురించి.

నేను సిటీ బస్సు కండక్టరును. నా తోడికోడలు, అనగా నా మరిది భార్య, ఆ బస్టాపుకు ఎదురుగా బ్యూటీపార్లరు నడుపుచున్నది. నిరుడు నేను పన్ను పీకించుకొని, బుగ్గ బంతిలా వాచి ఇంటికి పోతుండగా "కొత్త ఫోనక్కా, ఫొటో ఎలా వస్తుందో చూస్తా, ఒక్క నిమిషం నిలబడు" అన్నది. నిలబడినాను. ఆ ఫొటోయే నేడు ఇద్దరు మనుషులంత ఎత్తున బోర్డు ఎడమ సగంలో ఉన్నది. దాని కింద 'ముందు' అని రాయించినది. కుడి సగంలో 'తర్వాత' అని రాయించి, ఎక్కడ ఏ అంతర్జాతీయ అందాల పోటీ జరిగినా అందులో గెలిచిన పిల్ల ముఖం తెచ్చి అంటించుచున్నది. ఈ ఏడాది ఆ పోటీలకు కొదవ లేదు. కావున కింది విషయములు మనవి చేసుకొనుచున్నాను.

1. ఏడాది మొదట్లో జరిగిన పోటీలో గెలిచిన పిల్ల పొడుగ్గా, చక్కగానే ఉన్నది. కాదనను, నాకూ కళ్ళున్నాయి. అయితే ప్రపంచానికి ఏం చేస్తావని అడిగితే, అందరినీ సమానంగా ప్రేమిస్తానన్నది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ నా బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఆ మాట మళ్ళీ అనమనండి. ఆమె ముఖం నా పక్కకు చేరినప్పటి నుంచీ ప్రయాణికులు ఒకసారి బోర్డును, ఒకసారి నన్ను చూచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొనుచున్నారు.

2. తర్వాతి పోటీలో ఒకామెకు కిరీటం పెట్టి, వయసు తప్పు చెప్పిందని నెల తిరక్కుండా ఊడబెరికి రెండో ఆమెకు పెట్టినారు. బోర్డు మీద కూడా వెంటనే ముఖం మార్చినారు. నా ముఖాన్ని మాత్రం మార్చిన నాథుడు లేడు. నా వాపు నాలుగు రోజులకే తగ్గినది. బోర్డు మీద ఇంకా తగ్గలేదు.

3. ఆ బస్టాపుకు ప్రభుత్వం పెట్టిన పేరు ఒకటున్నది. ఇప్పుడెవరూ ఆ పేరు పలకరు. "వాపక్క దగ్గర దింపండి" అంటారు. అన్నవాళ్ళకు టికెట్టు ఇవ్వవలసినది నేనే. ఒక ముసలాయన పాపం నన్ను గుర్తుపట్టక, "ఆ అమ్మాయికి ఇప్పుడు నయమైందా" అని నన్నే అడిగినాడు. నయమైందని చెప్పినాను. ఆ రోజు డిపోకు పోయి ఏడ్చినాను. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని తెలుసు. అయినా తమరు కూడా కాసేపు బాధపడాలని రాయుచున్నాను.

4. పై పోటీలన్నీ విడవకుండా చూచినాను. నా పక్కన ఎవతె వచ్చి నిలబడబోతున్నదో తెలుసుకోవద్దా? మా ఆయన "అంత కడుపుమంటైతే టీవీ కట్టెయ్యరాదూ" అంటాడు. మొన్నటి పోటీలో ఒక పిల్లను, నీలో ఏం మార్చుకుంటావని అడిగినారు. ఆమె ఏమీ లేదని చెప్పి, మైకు వాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోయినది. ఆమెకు ఏ బహుమతీ రాలేదు. ఈ ఏడాది మొత్తానికి కిరీటం ఆమెదేనని నా నిశ్చితాభిప్రాయం. ఆ న్యాయనిర్ణేతలందరికీ తలా ఒక పన్ను పీకించి ఫొటోలు తీయవలెను.

5. బోర్డు తీసెయ్యమని తోడికోడలిని బతిమాలినాను. "పోనీలే అక్కా, ఊరందరికీ తెలిశావు గదా" అని నవ్వినది. కావలిస్తే ముఖానికి పూత ఉచితంగా వేస్తానన్నది. అది మొదలు, ఆమె పార్లరుకు పోయే ఆడవాళ్ళు నా బస్సెక్కితే, వాళ్ళను తర్వాతి స్టాపులో దింపి ఎండలో వెనక్కి నడిపించుచున్నాను. డ్రైవరన్న సహకరించుచున్నాడు. దీని మీద డిపోకు ఫిర్యాదు పోయి, నా ఉద్యోగం గాలిలో ఉన్నది. ఉద్యోగం పోయినా సరే, ఆ బోర్డు ఉండరాదు.

కావున, అనుమతి ఈ నెలాఖరుతో ముగియుచున్నందున దానిని పొడిగించక, సదరు బోర్డును కూకటివేళ్ళతో పెకలించి, ఖర్చు నా తోడికోడలి వద్దనే వసూలు చేసి, పెకలించునప్పుడు ఆమెను ఎదురుగా నిలబెట్టవలసినదిగా ప్రార్థన. ఈ అర్జీని తమరు తీరుబడిగా గాక, నాకున్నంత కోపంతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సిటీ బస్సు కండక్టరు
(బోర్డులో ఎడమ వైపు మనిషి)

తా.క.: అయ్యా, ఇది తమ ఆఫీసులో ఇచ్చే ముందు మా అత్తగారికి ఒక మాట చెబుదామని వెళ్ళాను. ఆవిడ తోడికోడలి దగ్గరే, పార్లరు పై గదిలో ఉంటుంది. ఇద్దరు కోడళ్ళలో ఎవరినీ ఇంతవరకు ఒక మంచి మాట అన్న మనిషి కాదు. నేను వెళ్ళేసరికి పార్లరుకు వచ్చినవాళ్ళను ఇద్దరిని కిటికీ దగ్గరికి పిలిచి నా బొమ్మ చూపిస్తోంది.

"అది మా పెద్దకోడలు. దాని పక్కన నిలబడ్డానికి ఎంతమందో వచ్చారు. ఒక్కతీ నిలవలేదు. ఏడాదయింది, ఇది మాత్రం కదల్లేదు."

వచ్చినవాళ్ళందరికీ రోజూ ఇదే చెబుతోందట. తోడికోడలు ఎంత మొత్తుకున్నా మానడం లేదట. ఆ మాటలప్పుడు తోడికోడలు మెట్ల మీదే ఉంది. అయ్యా, ఆ ముఖం ఫొటో తీయడానికి నా దగ్గర మంచి ఫోను లేకపోయింది.

కాబట్టి పైన చేసిన ప్రార్థన కొట్టేయండి. కుడి సగం మాత్రం పీకించండి. ఎడమ సగం అలాగే ఉండనివ్వండి. చీకటి పడితే మా అత్తగారికి కళ్ళు ఆనవు గనుక దాని మీద ఒక పెద్ద లైటు వేయించండి. కరెంటు పార్లరు మీటరు నుంచే లాగాలి.