ఇరవై మూడో పేజీలో కొంగలు

జూన్ 3, మంగళవారం

వన్ టౌన్. సాంబయ్య గారి పాత పేపర్ల కొట్టు. తూకానికొచ్చిన మూటల్లో మూడోది. పదో తరగతి గైడ్ల కింద, ఎవరివో పెళ్ళి శుభలేఖల పైన... "కొంగల కోట"!

ఈ బొమ్మల కథ కోసం మా పాత పుస్తకాల లోకంలో పెద్ద పెద్దవాళ్ళు వెతుకుతున్నారు. విడి పుస్తకంగా ఎప్పుడూ రాలేదు. వారపత్రికలో వారానికో పేజీ చొప్పున వచ్చింది. ఎవరో మహానుభావులు ఒక్క వారం కూడా వదలకుండా కత్తిరించి, వరసగా పేర్చి, బైండు చేయించుకున్నారు. నలభై పేజీలు. అట్టకి నేత గుడ్డ అంటించారు, ఎర్రంచుతో సహా.

మొహంలో సంతోషం కనబడనివ్వకూడదు. వృత్తిధర్మం. ఆవులించాను.

"ఏంటి బాబూ, దొంగ మొహం పెట్టావ్?" అన్నారు సాంబయ్య గారు.

వృత్తిధర్మం ఇంకా సాధన చెయ్యాలి.

జూన్ 4

అమ్మ పక్కింటి ఆంటీతో, గోడ మీద నుంచి — "మెకానికల్ చదివించామండీ. బొమ్మల పుస్తకాలు అమ్ముకుంటున్నాడు." ఆంటీ — "పోన్లెండి, మావాడు అదీ చెయ్యట్లేదు." ఇరుపక్షాలకూ ఓదార్పు లభించింది.

పుస్తకానికి వైద్యపరీక్ష. పురుగు లేదు, చెమ్మ లేదు. ఒకటే జబ్బు: నాలుగు పేజీల్లో బొమ్మల మీద పెన్సిలుతో గళ్ళు. చిన్న చిన్న గళ్ళు, కొన్నిట్లో చుక్కలు. ఇరవై మూడో పేజీలో మరీ దట్టం. రెండు కొంగలు మెడలు పెనవేసుకుని నిలబడ్డ బొమ్మ అది. కథలోకెల్లా అందమైన బొమ్మ. దాని మీదే పడ్డాడు ఎవడో లెక్కల పిచ్చి పిల్లాడు.

హైదరాబాద్ డాక్టరు గారి మాట గుర్తొచ్చింది. ఆయన పళ్ళ డాక్టరు. నా దగ్గర బేరమాడకుండా కొనే ఏకైక మనిషి. "గీత ఉంటే నాకొద్దు వంశీ. పన్నయినా పుస్తకమైనా మచ్చ ఉండకూడదు."

జూన్ 5

మహాశస్త్రచికిత్స. తెల్ల గ్లవుజులు, మెత్త రబ్బరు, మేకప్ బ్రష్షు (అమ్మది — చరిత్ర క్షమించుగాక). చెయ్యి కాదు, మణికట్టు తిరగాలి. ఉదయం కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేచాను. చెరపక ముందు ఎలా ఉంది, చెరిపాక ఎలా ఉంది — రెండూ వీడియో తీశాను. రీల్లో మాత్రం అట్టా, చెరిపాక అందమూ పెట్టాను, జబ్బు సంగతి జనానికెందుకు? కింద రాసిన మాట: "ఒక్క గీత లేని కొంగల కోట."

నా అంతటివాడు కృష్ణా జిల్లాలో లేడు.

జూన్ 6

డాక్టరు గారి ఫోను. "అది నాది. ఎవరికీ ఇవ్వకు. కొరియరు వాళ్ళని నమ్మను. ఇరవై రెండో తారీఖు ఆదివారం నేనే వస్తా." ఇంకో మాట కూడా అన్నారు: తనలాంటి వాళ్ళందరికీ నన్ను పరిచయం చేస్తారట. అమ్మకి చెప్పాను. "వాళ్ళందరూ డాక్టర్లేనా?" అంది, ఆశగా.

జూన్ 9, సోమవారం

ఎవరో నాగమణి గారు, రీలు చూసి మెసేజ్ పెట్టారు. ఆవిడ ప్రొఫైల్ ఫొటోలో తులసి మొక్క.

"బాబూ ఆ పుస్తకం మాది. అట్ట మీద గుడ్డ మా నాన్న నేసిందే. ఎర్రంచులో మూడో పోగు పసుపు ఉంటది. అట్టా ఆయనొక్కడే వేసేవాడు."

ఈ వ్యాపారంలో ప్రతివాడూ "మాది" అంటాడు. గంభీరంగా బదులిచ్చాను — "ఆధారములు సమర్పించగలరు." అయినా వెళ్ళి అట్ట చూశాను. ఎర్రపోగు, ఎర్రపోగు, పసుపు. యాదృచ్ఛికం కావచ్చు...

రెండో మెసేజ్. "లోపల కొంగల బొమ్మ మీద నాన్న పెన్సిలుతో గళ్ళు గీశారంట. నేను చూళ్ళేదు, ఆయన చెప్పడమే. ఒకసారి చూసి చెప్పండి."

చూశాను. తళతళా ఉంది.

జూన్ 10

ఏమీ తోచలేదు. రెండుసార్లు అన్నం తిన్నాను.

జూన్ 11

నాగమణి గారు ఫోను చేశారు. పామర్రు దగ్గర పల్లె. వాళ్ళ నాన్న రత్తయ్య గారు నేతగాడు. వయసులో ఉండగా ఈ కథలో కొంగల్ని చూసి ముచ్చటపడ్డారట, చీర అంచుకి ఎక్కించాలని. అందుకే బొమ్మ మీదే గళ్ళు గీసుకున్నారు. ఒక్కో గడి ఒక్కో పోగు. చుక్క పెట్టిన పోగు పైకి లేస్తుంది, పెట్టనిది కింద ఉంటుంది. ఆ లెక్క చూసి మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టించారు. ఒకే ఒక్క చీర నేశారు, భార్యకి. తర్వాత వానకి షెడ్డు కారి అట్టలు ముద్దయిపోయాయి. చీర ఆమెతోపాటే వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆయనకి మాటలు కలగాపులగం అవుతున్నాయట. ఏడాదిగా ఒకటే పాట — "కొంగలు పుస్తకంలో ఉన్నాయి." ఎవరికీ అర్థం కాలేదు. మతి తప్పిందనుకున్నారు. ఈలోగా ఈవిడ తమ్ముడు అటక ఖాళీ చేసి అంతా తూకానికి వేసేశాడు.

"మగ్గం మీద ఇప్పుడు నేనే కూర్చుంటున్నా బాబూ. ఆయన చూస్తుండగా ఒక్కసారి ఆ అంచు నేసి చూపిద్దామని. గళ్ళు ఉన్నాయి గదా?"

"పుస్తకం ఉందండీ," అన్నాను.

అది అబద్ధం కాదు. పుస్తకం ఉంది.

జూన్ 12

ఆశాకిరణం! చెరపక ముందు వీడియో తీశాను కదా! ఫోనంతా గాలించాను. కోట గోడ పేజీ — గళ్ళన్నీ స్పష్టం. పూల పేజీ — స్పష్టం. నీటి అలల పేజీ — స్పష్టం. ఇరవై మూడో పేజీ...

నా బొటనవేలు. తెల్ల గ్లవుజుతో, నిండు చందమామలా. దాని పక్కన కొంగ కాలు ఒకటి.

అమ్మకి చెప్పేశాను. అమ్మ గరిటె పక్కన పెట్టింది. అంటే విషయం తీవ్రమైనదని అర్థం.

"నాలుగేళ్ళు ఇంజనీరింగు వెలగబెట్టావు గదరా. గళ్ళ కాగితం ఎప్పుడూ చూళ్ళేదూ?"

చూశాను. రికార్డు పుస్తకాల నిండా గీశాను కూడా. గళ్ళంటే ఏదో లెక్క ఉంటుందని ఎవరికి తట్టకపోయినా నాకు తట్టాలి. నాకు తట్టింది రబ్బరు.

"వెళ్ళి చెప్పు."

"తిడతారేమోనే."

"తిడితే పడు. తిట్లకి గీతలు పడవులే."

జూన్ 15, ఆదివారం

పామర్రు బస్సు. కంకిపాడు దాకా మొదటి ప్రసంగం — వినయంతో. ఉయ్యూరు దాకా రెండోది — కన్నీళ్ళతో. ఆ తర్వాత మూడోది — సూటిగా, "చెరిపేశానండీ" అని. మూడూ కంఠతా వచ్చాయి.

ముందు గదిలోనే గుంట మగ్గం, దాన్ని ఆనుకుని స్కూటీ. నాగమణి గారికి యాభై దాటి ఉంటాయి. "ఎండన పడొచ్చారు, కాఫీ తాగుతారా, చల్లగా ఏదన్నా తెప్పించనా?" రత్తయ్య గారు ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. పుస్తకం ఒళ్ళో పెట్టగానే ముందు అట్ట తడిమారు. తర్వాత తెరిచారు. ఒక్క పేజీ తిప్పలేదు, నేరుగా ఇరవై మూడుకే వెళ్ళింది ఆ చెయ్యి. ఎడమ నుంచి కుడికి వేలితో నిమిరారు. మళ్ళీ నిమిరారు.

"ఇది కాదమ్మాయ్."

"అదే నాన్నా. గుడ్డ మనదే, చూడు."

"గుడ్డ మనదే. మన కొంగలు దీంట్లో లేవు."

నాగమణి గారు పేజీ వంక చూశారు. ఆవిడ మొహంలో ఏదో ఆరిపోయింది. నాకు మాత్రమే వినబడేట్టు — "ఇన్నాళ్ళూ నిజంగానే ఉన్నాయేమో అనుకున్నానండీ. ఆయన ఊహే అన్నమాట. మాటలే కాదు, గుర్తు కూడా పోయింది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ సంగతి ఆ గదిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకరి మాట ఎవరూ నమ్మరు. రెండోవాడు నోరు తెరిచాడు.

"కాఫీ బాగుందండీ."

పుస్తకం సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. "మీదే బాబూ, తీసుకెళ్ళండి. పాపం, ఇంత దూరం వచ్చారు."

జూన్ 16

కాఫీ బాగుందండీ!

జూన్ 18

మెసేజ్. "మిమ్మల్ని శ్రమ పెట్టాం, ఏమనుకోకండి. నాన్నని పెద్దాసుపత్రిలో చూపిద్దామనుకుంటున్నాం. మొన్నటి నుంచీ కొంగల మాట ఎత్తట్లేదు."

ఆవిడ నాకు క్షమాపణ చెబుతోంది.

కొన్నది నేను. అమ్మింది కొడుకు. గీసింది తండ్రి. చెరిపింది మళ్ళీ నేను. ఇందులో నాది ఎంత? ఇలాంటి ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు. వచ్చుంటే వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళేవాణ్ణి.

జూన్ 19

సాయంత్రం కిటికీ ఎండ పక్కవాటుగా పడుతోంది. ఇరవై మూడో పేజీని ఊరికే అలా వంచి పట్టుకున్నాను... గాడులు! సన్నగా, గోటితో గీసినట్టు. నేతగాడి చెయ్యి కదా, పెన్సిలు గట్టిగా ఒత్తారు. రబ్బరుకి నలుపే పోయింది, గాడి పోలేదు.

ఫొటో తీస్తే కనబడవు. కంటికి కూడా ఒక కోణంలోనే కనబడుతున్నాయి, అదీ లెక్కపెట్టేంత కాదు. మార్గం ఒకటే. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దేవాళ్ళం కదా, అలా రుద్దాలి, కాకపోతే నేరుగా పేజీ మీదే. పైన కాగితం వేస్తే ఇంత సన్న గాడి అందదు. పేజీ నల్లబడుతుంది, గాడులు తెల్లగా మిగులుతాయి.

లేదా మిగలవు. నా మణికట్టు కౌశలం వల్ల అక్కడక్కడా అరిగిపోయి ఉంటే... కొంగలూ ఉండవు, మచ్చ లేని కాపీ కూడా ఉండదు.

జూన్ 20

డాక్టరు గారికి ఫోను చేశాను. "సార్, చిన్న మచ్చ పడొచ్చండి."

"చిన్నదంటే?"

"పేజీ అంత."

 క్లినిక్‌లో ఎవరో మూలుగుతున్నారు, లేదా ఆయనే. "వంశీ, ఎల్లుండి వస్తున్నా. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకు."

"ముట్టుకోనండీ," అన్నాను. నేను ఎవరితో ఏం మాట్లాడినా చివరికి కాఫీ బాగుందండీయే అవుతోంది.

జూన్ 21, శనివారం

పొద్దున అమ్మ పెన్సిలు చెక్కి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

పదకొండింటికి నాగమణి గారికి మెసేజ్ పెట్టాను. బస్సులో కంఠతా పట్టిన మూడు ప్రసంగాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఇంతే రాశాను: "మీ నాన్నగారికి మతి తప్పలేదండీ. ఆ పుస్తకం మీదే. గళ్ళు ఉండేవి. నేను చెరిపేశాను. ఆ రోజు చెప్పలేకపోయాను."

చదివారు. 

పెన్సిలు అడ్డంగా పట్టాను. కింది మూల నుంచి, గాలి తగిలినంత మెల్లగా... మొదట నలుపు. అంతా నలుపు.  తర్వాత తెల్లగా ఒక గీత. దాని పక్కన ఇంకోటి. అడ్డంగా ఒకటి. గడి! గడిలో చుక్క! వరసగా ఐదు చుక్కలు, ఆరోది లేదు... ఉందా? అది చుక్కా, నా రబ్బరు చేసిన గుంటా? ఆ పోగు పైకి లేవాలా, కిందే ఉండాలా? ఇది తేల్చగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. ఆయన కొంగల మాట మానేశాడు.

ఫోను మోగుతోంది. నాగమణి గారు.

రెండు చేతులూ నల్లగా ఉన్నాయి. ఎత్తడానికి బదులు ఇది రాస్తున్నాను. ఆగింది.

మళ్ళీ మోగుతోంది. ఈసారి వీడియో కాల్. తెర మీద తులసి మొక్క. ఎత్తితే ఏ మొహం కనబడుతుందో... ఆవిడదా, ఆయనదా...