కళ్ళు మూసుకుని తీసిన కొలత

బాబాయ్,

నీ సైకిల్ షాపులో నువ్వు "కళ్ళు మూసుకుని చేతులు ముందుకు చాపరా, అవి ఎక్కడ ఆగితే అక్కడే హ్యాండిల్ ఉండాలి" అంటే నవ్వాను. పందేల సైకిళ్ళకి ఉన్నట్టు కిందికి వంగిన హ్యాండిలూ, బూటు బిగుసుకునే పెడల్సూ వేరేచోట కొనుక్కున్నాను. నీ కోడలు మాత్రం బుద్ధిగా చేతులు చాపింది.

ఇద్దరం సైకిళ్ళ మీద బయల్దేరి ఐదు రోజులైంది, నాలుగు వందల కిలోమీటర్లు వచ్చాం. నువ్వు వెనక్కి వంచి బిగించిన హ్యాండిల్ పట్టుకుని తను వరండాలో కుర్చీ వేసుకున్నట్టు కూర్చుంటోంది. వెడల్పాటి పెడల్స్ మీద మామూలు చెప్పులతోనే తొక్కేస్తోంది. నేనేమో సిగ్నల్ దగ్గర పెడల్ నుంచి బూటు ఊడక, నలుగురి ముందూ నరికిన చెట్టులా పడ్డాను. టేపైనా పట్టకుండా అంత కచ్చితంగా ఎలా చెప్పావు బాబాయ్? నీ చేతికి దణ్ణం.

కవర్లో దారం ముక్క పెట్టాను. కళ్ళు మూసుకుని చాపిన నా చేతుల మధ్య దూరం అది. ఆ కొలతకి హ్యాండిలూ, ఒక జత వెడల్పాటి పెడల్సూ ఈ లాడ్జికే పంపు. వచ్చేదాకా కదలం.

చేతిరాత చూసి కంగారుపడకు. ఆ వంగిన హ్యాండిల్ మీద బరువు మోపీ మోపీ నా వేళ్ళు తిమ్మిరెక్కి పెన్ను పట్టడం లేదు, నేను చెబుతుంటే నీ కోడలు రాస్తోంది. నేను పడ్డానని రాసిన చోట అక్షరాలు వంకరపోయాయంటే, అది తన నవ్వు.