కాలువ కట్టిన నెల

చింతలగరువు లాకు,
పాలకొల్లు దగ్గర,
1897 ఏప్రిల్ 14, బుధవారం.

చిరంజీవి కుమారుడు ఆశీర్వాదమునకు నీ తండ్రి చిట్టియ్య దీవించి వ్రాయునది. దేవుని దయవలన నేనును మీ అమ్మయును ఇచ్చట సుఖముగా నున్నాము. నీవును, కోడలు ప్రసన్నకుమారియు, మనుమడు రాజరత్నమును రాజమహేంద్రవరమున సుఖముగా నున్నారని తలంచెదను.

ఇంతవరకు నాకు అక్షరాలు నేర్పిన ఉపదేశిగారి భాష. ఇక్కణ్ణుంచి నా భాష. ఆయన భాషలో అబద్ధం చెప్పడం మరీ తేలికరా అబ్బాయీ, చూశావుగా, సుఖముగా నున్నాము అని ఎంత నున్నగా రాసేశానో.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఈ ఏడాది కాలువలకు నీళ్లు పది రోజులు ముందే కట్టేశారు. పడవల్లేవు, టపా మనిషి చెప్పులరిగేలా నడిచి తెచ్చాడు. మీ అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ చదవండి చదవండి అంటే చదివాను. రాజరత్నం బడి చెడుగుడు జట్టులో చేరాడని, కూతకు వెళితే పట్టేవాడు లేడని రాసినంతవరకు చదివాను. మీ అమ్మ మురిసిపోయి, అచ్చం వాళ్ల నాన్నేనండీ, ఆ కాళ్లలోనే ఉంది అంది. తరవాత నువ్వు రాసింది మింగేశాను. మన రక్తంలోనే ఊపిరి తక్కువని, నీకు పందొమ్మిదో ఏట అది బయటపడిందని, కొడుకు నలుగురిలో అలా పడిపోకముందే ఆట మాన్పిస్తున్నావని, వాడు రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదని. పై శనివారం పోటీ గనక, తాతగా నన్ను కూడా వాడికి బుద్ధి చెబుతూ నాలుగు మాటలు రాయమన్నావు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. కాగితం బొడ్లో దోపుకుని పోయి లాకు గట్టు మీద కూర్చున్నాను. నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే అంతగా గుచ్చుకుంది.

నేను పేకాడేవాణ్ణని నీకు కొంత తెలుసు. ఎంతో తెలియదు. మన క్రైస్తవ సంఘంలో పెద్దగా ముందు బల్ల మీద కూర్చుని, పేకముక్క పట్టకండిరా అని కుర్రాళ్లకు నీతులు చెప్పిన నోటితోనే ఇప్పుడు ఇది చెప్పాల్సి వస్తోంది. సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

ఈ లాకు దగ్గర ఇరవయ్యారేళ్లు తలుపులు తీసి మూసే లస్కరుగా పనిచేశాను కదా. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూసి నీళ్లు వదిలితే, పై కాలువ మట్టానికి నిండడానికి పావుగంట పట్టేది. ఆ పావుగంట పడవ సరంగులు గట్టు మీద మూడుముక్కలాట వేసేవారు. తలా మూడు ముక్కలు పంచుకుని, చేతిలో ఏముందో దాచిపెట్టి, లేనిది ఉన్నట్టు నటిస్తూ పందెం పెంచుకుంటూ పోయే ఆట. నాకు అది అబ్బింది. నేను ముక్కల్ని చూసేవాణ్ణి కాదు, వాటిని పట్టుకున్న మనుషుల్ని చూసేవాణ్ణి. చేతిలో ఏమీ లేనివాడు ముక్కల్ని ఒకటికి రెండుసార్లు చూసుకుంటాడు. మంచి ముక్క పడ్డవాడు కాలుతున్న చుట్ట ఆర్పేస్తాడు. ఒక్కొక్కడి ఒంట్లో ఏదో ఒకటి వాడికి తెలియకుండానే నిజం చెప్పేస్తుంది.

నాకు నిగ్రహం ఉందని ఎంత గర్వమో! అణా మించి కాసేవాణ్ణి కాదు. అప్పు పెట్టి ఆడేవాణ్ణి కాదు. లాకులో నీళ్లు సమానమయ్యాయా, చేతిలో మూడు ఆసులున్నా సరే కింద పడేసి తలుపు తియ్యడానికి లేచేవాణ్ణి. చేపల వర్తకం చేసే పల్లంరాజు, అదే, సముద్రం ఒడ్డు నుంచి మూడు పడవలు తిప్పేవాడు, నీయంత నిగ్రహం సన్నాసుల్లో కూడా లేదయ్యా చిట్టియ్యా అనేవాడు. ఆ మాటకు నేను పొంగిపోయేవాణ్ణి.

ఆ గట్టు మీదే నీకు చెడుగుడు నేర్పాను. గుర్తుందా? నీళ్లు ఎక్కుతుంటే నువ్వు కూత పెట్టేవాడివి. కూత తెగేలోపు గోడ మీద నీళ్లు ఎంత ఎక్కాయో నేను చేత్తో కొలిచేవాణ్ణి. మిగతా పిల్లలకు రెండు వేళ్లు ఎక్కేవి. నీకు బెత్తెడు ఎక్కేది. గెలిస్తే ఎగరొద్దు, ఓడితే ఏడవొద్దు, గీత దాటి వచ్చేదాకా నీ మనసులో ఉన్నది ఎదుటివాడికి తెలియనివ్వొద్దు అని చెప్పేవాణ్ణి. పేకాటలో నేర్చుకున్న బుద్ధులే అవి. పిల్లవాడికి మంచే నేర్పుతున్నానని అనుకున్నాను.

ఇప్పుడు 1876 సంగతి. ఆ వేసవిలో కాలువ కట్టేశారు. పల్లంరాజు పడవలు మూడూ మన లాకు కిందే మట్టిలో ఒరిగిపోయాయి. నీళ్లు వదిలేదాకా అతనికీ పని లేదు, నాకూ పని లేదు. ఆట మొదలైంది. అబ్బాయీ, నా నిగ్రహం సంగతి అప్పుడు తెలిసింది. నిండడానికి నీళ్లు లేవు. లెమ్మని చెప్పేది ఏదీ లేదు. పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా ఆటే. అన్నాళ్లూ నన్ను లేపింది నా బుద్ధి కాదు, ఆ నీళ్లు. అణా కాస్తా అర్ధరూపాయి అయింది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు కదా, అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ నెల జీతం పోయింది. ఆ తరవాత బియ్యం కుండలో మీ అమ్మ దాచుకున్న వెండి చేతి మురుగుల జత తీసుకుపోయి ఒడ్డాను. అవీ పోయాయి.

మూడు రోజులు అవి ఆ కుండలో లేవు. మీ అమ్మ చూసుకోలేదు. నాలుగో రోజు నాకు ఆట కలిసొచ్చి, గెలుచుకుని మళ్లీ కుండలో పెట్టేశాను. ఆ రోజే పేకముక్కలు చింపి ఎండిన కాలువలో పారేశాను. తరవాత ఇప్పటిదాకా ముట్టలేదు.

మీ చెడుగుడు పోటీ ఆ మర్నాడే జరిగింది. ఎండిన కాలువ ఇసకలోనే గీత గీశారు. మన పేట కుర్రాళ్లు ఒక పక్క, పల్లంరాజు తెచ్చిన సముద్రపొడ్డు కుర్రాళ్లు ఒక పక్క. గట్టుకు రెండు వైపులా జనం. ఆరుసార్లు కూతకు వెళ్లి ఆరుసార్లూ తిరిగొచ్చావు. ఏడోసారి నువ్వు వెనక్కి తిరుగుతుండగానే వాళ్ల జట్టులోని పెదబాబు నీ కాలందుకున్నాడు. మీద నలుగురు పడ్డారు. అయినా కూత ఆపలేదు నువ్వు. అంతమందినీ ఈడ్చుకుంటూ వచ్చావు. గీతకు మూరెడు దూరంలో కూత తెగిపోయింది, స్పృహ తప్పింది. నేను మొహాన నీళ్లు కొడితే కళ్లు తెరిచి, ఊపిరి చాల్లేదు నాన్నగారూ అన్నావు.

నేను అవును నాయనా, చాల్లేదు అన్నాను.

ఆ ఒక్క మాటను పట్టుకుని ఇరవయ్యొక్క ఏళ్లు బతికావు. మళ్లీ గీత తొక్కలేదు. అంతకుముందు గుళ్లో కీర్తన ఎత్తుకుంటే వీధిలో వెళ్లేవాళ్లు నిలబడి వినేవారు, అదీ మానేశావు. గట్టిగా చదివితే ఆయాసం వస్తుందని బడిలో పాఠం కూడా మెల్లిగా చెబుతావట, కోడలు చెప్పింది. నేను అన్నీ చూస్తూ ఊరుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాజరత్నం మెడకు కూడా చుట్టుకోబోతోంది.

కాబట్టి వాణ్ణి ఆడనియ్యి. నలుగురు మీద పడితే ఎవడి ఊపిరైనా ఆగుతుంది, అది రక్తంలో లోటు కాదు. నా మాట నమ్ము. వాడు ఓడిపోతే మాత్రం, ఎందుకు ఓడాడో ఆ క్షణంలో నువ్వు చెప్పేయకు. పిల్లలు నేల మీద పడి ఉన్నప్పుడు తండ్రి ఏమంటే అదే వాళ్లకు వేదం. నాకు తెలిసిన పెంపకం అంతా ఆ ఒక్క ముక్కే, అది కూడా నీ ఖర్చుతో నేర్చుకున్నాను.

కోడలికి నా దీవెనలు. మీ అమ్మ మామిడి తాండ్ర చుట్టి ఉంచింది, ఎవరైనా వస్తుంటే పంపుతాం.

ఇట్లు,
నిన్ను దీవించడానికి కూడా మొహమాటపడుతున్న నీ తండ్రి,
చిట్టియ్య

తా. క.

శుక్రవారం, మధ్యాహ్నం.

టపా మనిషి రేపు గాని రాడు. కవరు అంటించేశాను గాని మళ్లీ విప్పాను.

ఇవాళ మంచి శుక్రవారం కదా. ఏటేటా సంఘపు పెద్దగా గుళ్లో బైబిలు చదివేది నేనే. నమ్మిన గురువును వెండికి అప్పగించిన శిష్యుడి భాగం వచ్చేసరికి పుస్తకం మూసి కూర్చున్నాను. ఎండ దెబ్బ అనుకుని ఎవరో మంచినీళ్లు తెచ్చారు. ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొత్తం మీ అమ్మకు చదివి వినిపించాను, నువ్వు రాసినదాన్లో మింగేసింది కూడా చదివాను. ఆవిడ అంతా విని ఒకటే అడిగింది. వరసగా ఓడిపోతున్న మనిషికి నాలుగో రోజు అంత ఆట ఎలా కలిసొచ్చిందండీ అని.

అదే నా మూడో ముక్క నాయనా. రెండు చూపించి అది మోకాలి కింద దాచుకున్నాను.

ఆ మురుగులు నేను గెలవలేదు. పల్లంరాజు ఊరికే ఇచ్చాడు. ఊరికే కాదు. డబ్బొద్దు చిట్టియ్యా, మీవాణ్ణి పట్టేదెలాగో చెప్పు, నీకంటే తెలిసినవాడెవడూ లేడు అన్నాడు. నేను చెప్పాను.

నువ్వు కూతకు వెళ్లి వెనక్కి తిరగబోయే ముందు, రెప్పపాటు ముందు, నీ ఎడమ చేతి బొటనవేలు పిడికిట్లోకి దూరుతుంది. ఆ సంగతి నీకు తెలియదు. నీతో ఆడేవాళ్లకెవరికీ తెలియదు. నాకెలా తెలుసంటే, ఉయ్యాల్లో నిద్రపోయే ముందు నువ్వలాగే వేలు ముడిచేవాడివి. నేను పని నుంచి వచ్చి ఆ వేలు మెల్లిగా విడదీసి చూసుకుని మళ్లీ ముడిచేవాణ్ణి. ఆ వేలు అమ్మేశాను. కంచే చేను మేసింది.

పెదబాబు ఏడోసారి దాకా నీ కాళ్లను చూడలేదు, నీ చేతినే చూశాడు. నువ్వు తిరగకముందే దూకాడు. గట్టు మీద నిలబడి నేనూ నీ చేతినే చూస్తున్నాను. వేలు ముడుచుకుంది. అరవొచ్చు. అరవలేదు.

ఇది మీ అమ్మకూ చెప్పాను. ఆవిడ, మురుగులు పోతే పోయేవి కదండీ అంది. అవే మురుగులు మీ పెళ్లిలో తన చేతులతో కోడలికి తొడిగింది. ఇది కూడా రాయండి, మీరు రాయకపోతే నేనే నడిచి వెళ్లి చెబుతాను అంది. రాసినా వెళుతుందట. వచ్చే గురువారం మన వీరాస్వామి బండి మాట్లాడింది, శనివారానికి మీ దగ్గరుంటుంది. తాండ్ర ఆవిడే తెస్తుంది. నేను రాను. ఆ గీత పక్కన నిలబడే మొహం నాకు లేదు. నువ్వు రమ్మన్న రోజున వస్తాను, రమ్మనకపోతే నిన్ను తప్పుపట్టను.

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చూశాను, రాజరత్నానికి కూడా ఆ అలవాటుంది. ఎడమ చెయ్యే. శనివారం కూతకు వెళ్లేటప్పుడు వేళ్లు బారుగా చాచి ఉంచమని చెప్పు. ఎందుకని అడిగితే నిజమే చెప్పు, నా పేరు దాచకు.

ఆ రోజు ఇసకలో పడి నాతో ఒక మాట అన్నావు కదా. ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

ఊపిరి చాలింది నాయనా.