మూడించుల మడత

చిట్టీ,

నువ్వు పోయి ఏడాదైంది. నీ సమాధి మీద నీ ఎత్తుకు సరిపడే బండ పరుద్దామని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లాను.

"పొడుగెంతన్నా? అడుగుల్లో చెప్పు" అన్నాడు రాళ్లు చెక్కే ఆయన.

బట్టలు కుట్టే మీ నాన్నకు అన్నీ ఇంచుల్లోనే గుర్తుంటాయి. నీ క్రిస్మస్ గౌనుకు టేపు పెట్టినప్పుడు చూసిన ఎత్తే చెప్పాను.

"నలభై ఎనిమిది ఇంచులు. నాలుగడుగుల మూడించులు రాసుకో."

"నలభై ఎనిమిదంటే నాలుగడుగులే గదన్నా! పైన మూడించులు ఏంటికి?"

"ఎదిగే పిల్ల గదప్పా. కింద మడిచి కుడితే వచ్చే ఏడు విప్పొచ్చు."

ఆయన సుద్దముక్కతో బండ మీద నాలుగడుగుల మూడించుల దగ్గర గీత గీశాడు. తగ్గించమని నేను అనలేకపోయాను.

ఈ రోజు ఆ బండే పరిచారు. చెప్పు తల్లీ, ఆ మడత నేనెప్పుడు విప్పాలి?