చనిపోయిన ఫుల్బెర్ వాటా భోజనం

మోర్వాల్ మఠం,
సకల పునీతుల పండుగ మర్నాడు.

అక్క ఎర్సాండ్‌కు తమ్ముడు గోబెర్ మొక్కి రాసేది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయాను గాని, ఇక్కడ కుశలం ఎక్కడిది? మా మఠంలో హత్య జరిగింది.

మా పాటల పెద్ద ఫుల్బెర్ నీకు తెలుసుగా. ప్రార్థనలో ఎవరి గొంతు వెంట్రుకవాసి జారినా ఆపి, మళ్లీ మొదటినుంచి పాడించే మనిషి. నాలుగు రోజుల కిందట మాయమయ్యాడు. చేపల చెరువు గట్టున నెత్తురంటిన అతని అంగీ దొరికింది. పక్కనే వంట చేసే బ్రదర్ రెనో కత్తి! భోజనాల దగ్గర మాట్లాడకూడదు గనక, ఫుల్బెర్ రోజూ రెనో కూర నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించేవాడు. ఇంకేం కావాలి? రెనోను గదిలో పెట్టి తాళం వేశాం. ఇంకో తొమ్మిది రోజుల్లో, మార్టిన్ పునీతుని పండుగనాడు, బిషప్ గారి మనుషులు వచ్చి పట్టుకుపోతారు. ఇక బతికినన్నాళ్లూ అతనికి చీకటికొట్టే.

విచారణ మఠాధిపతిగారు నా నెత్తిన రుద్దారు. ఫుల్బెర్ ఆత్మ కోసం మీ సిస్టర్లచేత ప్రార్థన చేయించు.

నీ తమ్ముడు,
గోబెర్.

తా.క.: ఆచారం ప్రకారం ముప్ఫై రోజులపాటు ఫుల్బెర్ వాటా రోజూ అతని చోటనే వడ్డించి, భోజనాలయ్యాక గేటు దగ్గర పేదవాడికి పెడుతున్నాం. ముసుగేసుకుని ఒకడు వస్తున్నాడు. రెండోసారి కూడా అడుగుతున్నాడు.

---

ఒరే గోబెర్,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మేక ఈనింది.

ప్రార్థన సంగతి తర్వాత. ముందు శవం ఏదిరా? చెరువు వెతికించావా? ఫుల్బెర్ పోయిన రోజు ఒంటికి మంచిదని మీకు మంగలి వచ్చి చేతిలోంచి నెత్తురు తీసే రోజేమో కనుక్కున్నావా? చేతి కట్టు జారితే అంగీ తడవదూ? అసలు రెనో ఏమంటున్నాడు? అడక్కుండానే తాళం వేసుంటావు. చిన్నప్పుడు కోడి పోతే అక్కే తినేసిందని నాన్నకు చెప్పినవాడివి నువ్వు.

మఠాధిపతురాలు, అంతకంటే ముందు నీ అక్క,
ఎర్సాండ్.

తా.క.: ఆ కోడి పక్కింట్లో దొరికింది. నువ్వు ఇంతవరకూ క్షమించమని అడగలేదు.

---

అక్కకు నమస్కారాలు.

నీ మాట విని చెరువు తోడించాను. నలభై చేపలు, పగిలిన కుండ, ఫుల్బెర్ పాటల పుస్తకం దొరికాయి. పుస్తకాన్ని ఎవరో కావాలనే విసిరేశారు. శవం లేదు. నువ్వన్నట్టు ఆ రోజు మంగలి వచ్చాడు, ఫుల్బెర్ కూడా నెత్తురు తీయించుకున్నాడు. అయినా నీ అనుమానాలతో ఇక పనిలేదు. రెనో ఒప్పేసుకున్నాడు!

నిన్న మా సభలో బోర్లా పడి, "నేనే చంపానయ్యా. మూడేళ్ల నుంచి చంపుతూనే ఉన్నా" అన్నాడు. మూడేళ్లు! అంటే విషమే గదా? ఈ మాట విన్నప్పటినుంచీ మఠంలో అందరికీ కడుపునొప్పి. ఇద్దరు వీలునామా చెబుతామన్నారు. సన్యాసులకు వీలునామా ఏమిటని మఠాధిపతిగారు కసిరారు, ఆయనా కడుపు పట్టుకునే.

పొట్ట తడుముకుంటూ,
గోబెర్.

తా.క.: గేటు దగ్గరి ఆ పేదవాడు కూర రుచి చూసి, "ఇది పాత చేయి కాదే" అన్నాడట. అడుక్కునేవాడికి ఎంత నాలుకో చూడు!

---

ఒరే తెలివితక్కువవాడా,

ఆశీస్సులు. మూడేళ్లుగా విషం తిని, ముప్ఫై మంది గుండ్రాళ్లలా ఉన్నారా? మీ గోడల లోపల ఎవరి చేయి వండుతోందో బయటి పేదవాడికి ఎలా తెలుస్తుంది? వెళ్లి ఆ ముసుగు తీయి. తర్వాత రెనో దగ్గర కూర్చుని, "దేంతో చంపావు నాయనా?" అని నెమ్మదిగా అడుగు. మార్టిన్ పండుగ ఎల్లుండే. నాకు ఆ వంటవాణ్ని తలుచుకుంటే భయంగా ఉంది.

తొందరలో,
ఎర్సాండ్.

తా.క.: విషం భయంతో మీరు తినడం మానేస్తే జున్ను మాకు పంపు. మా సిస్టర్లు ధైర్యవంతులు.

---

అక్కా,

ముసుగు తీశాను. ఫుల్బెరే!

నెత్తురు తీయించుకున్నాక ఆకలేసి, వంటింట్లోంచి కత్తీ జున్నూ పట్టుకుని చెరువు గట్టుకు పోయాడట. కట్టు జారి నెత్తురు కారింది. భయపడి అంగీ అక్కడే వదిలి ఊళ్లోకి పరుగెత్తాడు. ఒక ముసలమ్మ కట్టు కట్టి మూడు రోజులు పడుకోబెట్టింది. తిరిగొచ్చేసరికి మఠంలో గంట మోగుతోంది, అందరూ తన పేరు చెప్పి పొగుడుతూ ఏడుస్తున్నారు. "బతికుండగా నన్ను ఒక్కడూ మెచ్చుకోలేదు గోబెర్. ఇంకో నాలుగు రోజులు విందామనిపించింది" అన్నాడు. రెనో సంగతి అతనికి తెలియదు. చెప్పగానే చెప్పులు కూడా వేసుకోకుండా లోపలికి పరుగెత్తాడు.

తాళం తీశాను. రెనో బయటికి రానన్నాడు. దేంతో చంపావని అడిగాను. "మనసుతో. కూర కలిపినప్పుడల్లా. మనసులో చంపినా పాపం పాపమేనని చదివి వినిపించింది మీరేగా?" అన్నాడు.

ఇద్దర్నీ సభకు తీసుకొచ్చాను. రెనో ఫుల్బెర్ కాళ్ల ముందు బోర్లా పడ్డాడు. వెంటనే గేటు బ్రదర్, "నేను కూడా" అంటూ పడ్డాడు. పాటల పుస్తకం విసిరేసినవాడు పడ్డాడు. వరసగా అందరూ. చివరికి మోకాళ్లు పట్టుకుని మఠాధిపతిగారు. నేనొక్కణ్నే మిగిలాను. కత్తి కనబడగానే నేరం రెనోదేనని ఎందుకంత తొందరగా నమ్మానో అప్పుడు అర్థమైంది. ఆ పని ఎన్నిసార్లు నా మనసులో చేశానో! సిగ్గుతో నేనూ పడ్డాను. ఫుల్బెర్ మా అందర్నీ చూసి భోరున ఏడ్చి, "నేను మీ అందర్నీ రోజుకు ఏడు ప్రార్థనల్లో ఏడుసార్లు చంపాను" అని తనూ పడ్డాడు.

అక్కా, ఇంత తేలిగ్గా నా మనసు ఎన్నడూ లేదు.

నేల మీది నుంచి,
గోబెర్.

తా.క.: బోర్లా పడినవాడు, నిలబడ్డ పెద్ద ఎవరైనా లేవమంటేనే లేవాలని మా నియమం. నిలబడ్డవాడు ఇక్కడ ఒక్కడూ లేడు. బిషప్ మనుషులు పొద్దున్నే వస్తారు. గాడిదెక్కి వెంటనే బయల్దేరు.