రాజమ్మ వదిలేసిన కాయలు

జూన్, మంగళవారం రాత్రి

ఈరోజు ఫ్యాక్టరీలో ఒక ట్యాంకు మామిడి గుజ్జు కాలవలో పారబోయించాను. మేనేజరు పిలిస్తే ఆఫీసుకు వెళ్లి వచ్చేసరికి, కుళ్లిన తోతాపురి కాయలు బెల్టు మీద నుంచి నేరుగా మిషన్లోకి పోయాయి. వాటిని ఏరి పక్కన పడేయాల్సింది రాజమ్మ. ఆమె అక్కడే, బెల్టు ముందే నిలబడి ఉంది! అందరి ముందూ అరిచేశాను.

రాజమ్మ తల వంచుకోలేదు. "నేను తీసేసిన కాయను నువ్వు మళ్లా బెల్టు మీద ఏస్తావు. నేను వదిలిన కాయను నువ్వు తీసేస్తావు. ఇంగ నా కండ్లతో పనేముండాదక్కా?" అంది.

షిఫ్టు ఇన్‌చార్జి అయినప్పటి నుంచి ఆమె పక్కనే నిలబడి ప్రతి కాయా మళ్లీ చూస్తున్నాను. అది జాగ్రత్త అనుకున్నాను. ఇంతమంది చేత పని చేయిస్తాను గానీ నా చేతిని మాత్రం ఆపుకోలేను. రేపు బెల్టు దగ్గరికి పోకూడదు. పోకపోతే? ఇంకో ట్యాంకు పాడైతే నా ఉద్యోగం ఉంటుందా? అరిచినందుకు రాజమ్మకు సారీ చెప్పాలి. చెబితే మిగతావాళ్లు రేపటి నుంచి నా మాట వింటారా? ఏమీ తోచడం లేదు.

ఇందాక మా పాప స్కూలు సంచి సర్దుకుంది. రోజూ అది సర్దాక నేను జిప్పు తీసి మళ్లీ చూస్తాను. ఈరోజు అది జిప్పు వేయకుండానే సంచి తెచ్చి నా పక్కన పెట్టి, వెళ్లి పడుకుంది.